గింజ కట్టని తుంగ

ఆదివారం పొద్దున్న ఫోను మోగేసరికి గింజ సుధారాణి అరచేతిలోనే ఉంది. తెల్లగా, నున్నగా, ఆవగింజ కన్నా కాస్త పెద్దది. భూతద్దం పక్కన పెట్టి, గుప్పిట మూసి, ఎదురుగా ఎవరో నిలబడి చూస్తున్నట్టు ఆ గుప్పిట కుచ్చెళ్ళలో దాచుకుని, రెండో చేత్తో ఫోను తీసింది.

“ఏటమ్మా, గింజ కట్టిందా?”

“ఇంకా లేదండి మాస్టారూ.”

ఈ మాట మొదటిసారి అన్నప్పుడు రెండుసార్లు తడబడింది. వినాయక చవితి వెళ్ళిన వారం అది. ఇప్పుడు కార్తీకమాసం. వారం వారం చెప్పగా చెప్పగా అబద్ధానికి కూడా నోరు తిరుగుతుంది కాబోలు, టీలో పంచదార తక్కువ వెయ్యమన్నంత మామూలుగా వచ్చేస్తోంది.

అవతల ఉన్నది సన్యాసిరావు మాస్టారు. శ్రీకాకుళం దగ్గర కాలేజీలో బోటనీ చెప్పి రిటైరై చాలా ఏళ్ళయింది. తూర్పు కొండల అడవుల్లో చెట్ల నీడన పెరిగే తుంగజాతి మొక్కల్ని ఒకదాన్నుంచి ఒకటి విడదీసి పుస్తకం వేస్తానని కూర్చున్నారు. పైకి చూస్తే అన్నీ గడ్డే. కాడని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని తిప్పితే గడ్డి గుండ్రంగా తిరుగుతుంది, తుంగ మూడు పలకలుగా వేళ్ళకి తగులుతుంది. అంతవరకూ బడిపిల్లలైనా చెప్పగలరు. ఆ పైనే చిక్కు. టాటానగర్ పక్కన డిమ్నా దాటాక ఉన్న సాల చెట్ల అడవిలో సుధారాణి ఫొటో తీసి మొక్కల వాట్సాప్ గ్రూపులో పెట్టినదాన్ని మాస్టారు ముత్యాల తుంగ అంటారు. అందులో ఇద్దరు దాయాదులున్నారు. ఆకు ఒకటే, కాడ ఒకటే, ఆకు కాడని చుట్టుకున్న తీరూ ఒకటే. గింజ కూర్చునే బుల్లి గిన్నెలో మాత్రం తేడా. ఒకదాని గిన్నె అంచున మూడు మొనదేలిన పళ్ళుంటాయి, రెండోదానికి ఆ మూడూ గుండ్రంగా ఉంటాయి. గింజ లేకపోతే బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. గింజ దొరికితే నిమిషం పని.

ఆ నిమిషమంటేనే సుధారాణికి భయం. జ్యేష్ఠంలో ఆమె పంపిన మొదటి మొక్కకి గింజ ఉంది. మాస్టారు ఒక్క ఫోనులో పేరు తేల్చేసి “సంతోషం తల్లీ” అని పెట్టేశారు. మళ్ళీ ఆ గొంతు వినడానికి శ్రావణం దాకా పట్టింది. ముత్యాల తుంగ దొరికాక మాత్రం, గింజ కట్టిందా లేదా అని ప్రతి ఆదివారం ఫోను. గింజ సంగతి రెండు ముక్కల్లో అయిపోయేది. తక్కినదంతా అక్కడి ఎండ, ఇక్కడి మంచు, ఆయన మోకాలు, ఈవిడ పైవాటాకి నీళ్ళెక్కకపోవడం. చవితి తర్వాత అడవిలో తెల్లగా గింజ కనిపించినప్పుడు ఆమెకి మొదట సంతోషమే వేసింది. దారిలో, ఆటోలో కూర్చున్నాక, ఇంక ఆదివారం ఫోనుండదని తట్టింది. అప్పటినుంచి కాడ అడుగునీ ఆకునీ మాత్రమే ఫొటో తీసి పంపుతోంది.

“లేదా!” అన్నారు మాస్టారు. నిరాశపడతారనుకుంది. ఆ గొంతులో ఉన్నది సంతోషం. “అదే అనుకున్నాను. మా కొండల్లో ఇది బాదరపదం దాటకుండా గింజ కట్టీసుకుంటాది. నీ కాడ పువ్వు పూసి ఎన్నాళ్ళయింది? కార్తీకం వచ్చీసినా గింజ లేదు. అంటే ఏటి?”

“ఏటండీ?”

“అదీ కాదు, ఇదీ కాదమ్మా. రెండూ కాదు! ఎవరూ పేరెట్టని మొక్క. కలకత్తా మొక్కల సర్వే ఆఫీసులో ఘోషాల్ బాబు ఉన్నాడు, ఆయనకి చెప్పీసేను కూడాను.”

సుధారాణి గుప్పిట ఇంకా బిగించింది. గింజ గట్టిది, అరచేతిలో గుచ్చుకుంది.

“నీ పేరే పెడతాను,” అన్నారు ఆయన. “సుధారాణియే. లాటిన్‌లో అలాగే అంటారు. నువ్వు చూసేవు, నీ పేరే ఉండాల.”

“గడ్డికి నా పేరేటండీ,” అని నవ్వబోయింది. నవ్వు సరిగ్గా రాలేదు. ఈ ఊళ్ళోనే కాసిడీహ్‌లో బడి ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆమె మద్రాసీ మేడమే. ఎన్నిసార్లు మద్రాసుకీ మా ఊరికీ చాలా దూరమని చెప్పినా, పిల్లలూ టీచర్లూ తలూపి మర్నాడు మళ్ళీ అదే పిలుపు. ఆఖరిరోజు దండ వేసినప్పుడు కూడా మైకులో అదే అన్నారు. అలాంటిది తన పేరు, ఏ అక్షరం పోకుండా, ప్రపంచం ఉన్నన్నాళ్ళూ ఒక మొక్క తలమీద ఉంటుందట.

“శనివారం వత్తన్నాను,” అన్నారు మాస్టారు.

“ఎక్కడికండీ?”

“ఎక్కడికేటి? టాటానగర్‌కి! నా కళ్ళతో చూడాల కదా. పొద్దున్న దిగి, సాయంత్రం బండికెళ్ళిపోతాను. నువ్వు అడవికి దారి చూపించు, చాలు.”

ఫోను పెట్టేశాక సుధారాణి చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. గుప్పిట తెరిస్తే గింజ చెమటతో మెరుస్తోంది. భూతద్దంలో మళ్ళీ చూసింది. చూడాల్సిన పని లేదు, అయినా చూసింది. గిన్నె అంచున మూడు పళ్ళు, మూడూ మొనదేలి ఉన్నాయి. సింహాచలం నుంచి ఇక్కడిదాకా ఏ కొండెక్కినా కాలికి తగిలే మామూలు ముత్యాల తుంగ.

మంగళవారం శ్యామ్ వచ్చాడు. జుగ్సలాయిలో ఉండే తమ్ముడి కొడుకు. వాళ్ళమ్మ పంపిన డబ్బా బల్లమీద పెట్టి, బూట్లు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

“కూర్చోరా. టీ పెడతాను.”

“నహీ అత్తా, డ్యూటీ హై.”

“ఒక్క నిమిషం కూర్చుంటే డ్యూటీ ఏటీ పారిపోదు.”

వాడు నవ్వి కుర్చీ అంచున కూర్చున్నాడు. కంపెనీలో కాంట్రాక్టు పని, బొగ్గుపొడి వాడి కనుబొమ్మల్లో ఉంది. ఫోను చూసుకుంటూనే, “సబ్ ఠీక్?” అన్నాడు. ఎవరికైనా చెప్పకపోతే ఊపిరాడేలా లేదు. సుధారాణి టీ గ్లాసు వాడి చేతికిచ్చి, నిలబడే చెప్పింది. మాస్టారు వస్తున్నారనీ, గింజ ఉందనీ, లేదని చెప్పాననీ.

శ్యామ్ ఫోనులోంచి తలెత్తాడు. “కిస్‌కా గింజ?”

“తుంగది.”

“ఘాస్ కా?” వాడికి నవ్వాగలేదు. “అరే అత్తా, తో బోల్ దో నా, గల్తీ హో గయీ. ఘాస్ హీ తో హై.”

నిజమే, గడ్డే కదా. చెప్పెయ్యడానికి ఏమిటి కష్టం? వాడు వెళ్ళాక ఫోను తీసి, “మాస్టారూ, గింజ దొరికింది” అని టైపు చేసింది. ఎప్పుడు దొరికిందంటే ఏమనాలి? ఇవాళ అంటే ఇంకో అబద్ధం. చవితికి అంటే, మరి ఇన్నాళ్ళూ? చెరిపేసింది. మళ్ళీ టైపు చేసింది. ఇంతలో ఆయనే మెసేజ్ పెట్టారు. టికెట్ ఫొటో, దాని కింద ఒక వాక్యం: ‘చలికి మఫ్లరు తెచ్చుకోవాలా?’ సుధారాణి తన మాట చెరిపేసి, ‘తెచ్చుకోండి’ అని పంపింది.

బుధవారం ఇల్లంతా దులిపింది. గురువారం సాక్చీ బజారుకెళ్ళి మంచి కప్పులు కొంది. తన ఇంటికొచ్చి తెలుగులో మాట్లాడుతూ అన్నం తినే మనిషి వచ్చి ఎన్నాళ్ళయిందో లెక్కపెట్టబోయి ఊరుకుంది. గురువారం రాత్రి కప్పులు కడిగి బోర్లిస్తున్నప్పుడు ఆమెకి ఆ ఆలోచన వచ్చింది. వచ్చినప్పుడు ఛీ అనుకుంది. పొద్దున్న లేచేసరికి అది ఛీ అనిపించలేదు.

శుక్రవారం పెందరాళే సాక్చీలో ఆటో ఎక్కి, మానగో వంతెన దాటి, డిమ్నా దగ్గర దిగింది. అక్కణ్ణించి నడక. సాల చెట్ల కింద ఎండుటాకులు కాలు పెట్టినచోటల్లా అప్పడాల్లా విరుగుతున్నాయి. వాగు ఎండిన పల్లంలో, నీడ చిక్కగా ఉన్నచోట, ఒక గదంత మేర ముత్యాల తుంగ. సూర్యుడు కొమ్మల్లోంచి దిగేచోట గింజలు మెరుస్తున్నాయి. ఎంత గుడ్డివాడికైనా కనపడేలా ఉన్నాయి.

సుధారాణి చీర చెంగు ఒళ్ళో పరచుకుని కూర్చుంది. కాడని అడుగున పట్టుకుని పైకి ఒక్కసారి దూస్తే గింజలన్నీ రాలతాయి. కానీ పొట్టు కూడా ఊడి వచ్చేస్తుంది, బోడి కాడ చూస్తే ఎవరో దూశారని తెలిసిపోతుంది. కాబట్టి ఒక్కొక్క గింజనే గోటితో మీటాలి, పొట్టు మాత్రం కాడకే ఉండాలి. ఎడమచేత్తో గుత్తిని అరచేతిలోకి వంచి, కుడిచేతి చూపుడువేలి గోటిని గింజ కింద పెట్టి, పైకి తీసింది. టప్‌మని ఒళ్ళో పడింది. ఇంకోటి. ఇంకోటి. బడిలో పిల్లలకి పువ్వుని విప్పి చూపించిన చెయ్యి అది. పని ఇంత బాగా వస్తున్నందుకు ఆమెకే అసహ్యం వేసింది.

ఆ ఆకు అంచులు రంపాల్లాంటివి. మొదట తెలియదు. కాసేపటికి వేళ్ళమీద సన్నటి ఎర్రగీతలు లేచాయి. చెమట పడి మండాయి. కొంగుతో తుడుచుకుని మళ్ళీ గోరు పెట్టింది.

“క్యా చున్ రహీ హో దీదీ?”

ఏం ఏరుతున్నావని అడుగుతోంది, విస్తళ్ళకి సాల ఆకులు కోసుకునే మనిషి. ఆకుల మోపు దించి, సుధారాణి ఎదురుగా గొంతుక్కూర్చుంది.

“దవాయి,” అంది సుధారాణి, ఇంకేం తోచక.

“కాహే కా?”

“ఘుట్నే కా.” మాస్టారి మోకాలు నోట్లోకి వచ్చేసింది.

మోకాళ్ళ మందనేసరికి ఆ మనిషికి హుషారొచ్చింది. అడక్కుండానే ఏరడం మొదలుపెట్టింది. ఆవిడ వేళ్ళు చురుకైనవి, సుధారాణి ఒక కాడ చేసేలోగా మూడు చేసింది, పొట్టు కూడా ఊడలేదు. కాసేపు ఇద్దరూ ఎదురుబొదురుగా కూర్చుని మాటల్లేకుండా ఏరారు. పక్కన మనిషి ఉంటే పని ఎంత తేలికో, ఎంత హాయిగా ఉంటుందో అనిపించింది సుధారాణికి. పల్లం ఖాళీ అయ్యాక ఆ మనిషి ఒక గుప్పెడు గింజలు తన కొంగులో ముడేసుకోబోయింది. మా అత్తకి నూరి పోస్తాను, ఆవిడ లేవలేకుండా ఉంది, అంది.

“నహీ!” సుధారాణి ఆవిడ చెయ్యి పట్టేసుకుంది. “ఖానే కా నహీ హై. ఇది... ఇది నీకు కాదు.”

ఆ మనిషి ముఖం మారిపోయింది. ఇంతసేపూ ఏరిపెట్టినందుకా ఈ పిసినారితనం అన్నట్టు చూసింది. గింజలు సుధారాణి ఒళ్ళోకి విసిరేసి, మోపు ఎత్తుకుని, ఎండుటాకులు విరుచుకుంటూ వెళ్ళిపోయింది. పిలిచి నిజం చెబుదామంటే, ఏ నిజమని చెప్పడం? సుధారాణి గింజలన్నీ పాత న్యూస్‌పేపరులో పొట్లం కట్టి సంచీలో వేసుకుంది. అడవిలో తీసినదాన్ని పారెయ్యడం ఆమెకి చేతకాదు.

శనివారం బండి ఆలస్యంగా వచ్చింది. ఫోనులో మాస్టారి గొంతు పెద్దది. దిగిన ఆయన చిన్నపాటి మనిషి. సన్నగా, మంకీకాపూ మఫ్లరూ రెండూ కట్టుకుని, ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో మొక్కలు అదిమే చెక్కలు. జనంలో అటూ ఇటూ చూస్తుంటే సుధారాణి ఎదురెళ్ళి, “మాస్టారూ” అంది. ఆయన మొహం ఆమె వైపు తిప్పి, గొంతుని బట్టి పోల్చుకున్నారు.

“ఏటమ్మా, ఇంత పొడుగున్నావేటి! ఫోనులో పొట్టిగా వినపడేదానివి.”

ఆమె నవ్వింది. ఎన్నాళ్ళకో అలా నోరారా నవ్వింది. ఆ నవ్వులో కాసేపు సంచీలో పొట్లం సంగతి మర్చిపోయింది.

భాలుబాసాలో ఆమె ఇంటికొచ్చి, మెట్లు ఒక్కొక్కటే ఎక్కి, ఆయన పలాస జీడిపప్పు పొట్లం బల్లమీద పెట్టారు. ఉప్మా తిన్నారు. కొత్త కప్పులో కాఫీ తాగారు. కప్పు అందుకుంటూ ఆమె వేళ్ళు చూసి ఆగిపోయారు.

“ఏటమ్మా ఇది? తుంగ కోసిందా?”

సుధారాణి చెయ్యి వెనక్కి లాక్కుంది.

“చేతికి గుడ్డ చుట్టుకోకుండా ఎవరెళ్ళమన్నారు నిన్ను? నా కోసం వెతికి ఇలా చేసుకున్నావా? పసుపెట్టు. ముందు పసుపెట్టు, తర్వాత ఎల్దాం.” ఆమె పసుపు తెచ్చేదాకా ఊరుకోలేదు. ఒక కంటికి శుక్లం, రెండో కన్ను దగ్గరగా పెట్టి, ప్రతి గీతమీదా తనే వేలితో అద్దారు. సుధారాణికి ఆ పసుపు కోతలకన్నా ఎక్కువ మండింది.

డిమ్నా దగ్గర ఆటోని ఆగమని చెప్పి, ఇద్దరూ నెమ్మదిగా నడిచారు. పల్లం కనపడగానే మాస్టారు కర్ర పక్కన పడేశారు. మోకాలు సంగతి మర్చిపోయి అలాగే నేలమీద కూలబడ్డారు. కాడని వేళ్ళ మధ్య తిప్పి మూడు పలకలూ చూసుకున్నారు. ఆకు కాడని చుట్టుకున్నచోట వేలితో తడిమారు. ఆఖరికి గుత్తిని వంచి, కంటికి ఆనించుకుని, వెలుతురుకెదురుగా పట్టారు. ఊపిరి బిగబట్టి చూశారు. అది వదిలి ఇంకో గుత్తి. ఇంకో గుత్తి.

“చూసేవా!” అన్నారు, గుసగుసగా. “ఒక్క గింజ లేదు. పొట్టు విచ్చుకుంది, లోపలేటీ లేదు. గింజ కట్టకుండానే విచ్చుకుందమ్మా! నేనిలాంటిది ఎక్కడా చూడ్లేదు. పుస్తకాల్లో కూడా చూడ్లేదు.”

ఆయన తలెత్తారు. శుక్లం ఉన్న కన్నూ లేని కన్నూ రెండూ నీళ్ళతో నిండి ఉన్నాయి. “ఇంక కాలేజీలో ఎవరికీ గుర్తులేను,” అన్నారు. “ఇది చేసి పోతే చాలు.”

సుధారాణికి ఊరుకుంటే సరిపోతుంది. ఆయన ఇక్కణ్ణించి సంతోషంగా వెళ్తారు, వారం వారం ఫోను చేస్తారు, మొక్కకి ఆమె పేరుంటుంది. గింజ లేకుండా కలకత్తావాళ్ళు ఒప్పుకుంటారో లేదో అది తర్వాతి సంగతి. అన్నీ తెలుసు. కానీ ఎదురుగా మట్టిలో మోకాళ్ళమీద ఉన్న ఆ ముసలాయన్ని చూస్తే ఇంక ఒక్క క్షణం కూడా ఆమెవల్ల కాలేదు. సంచీలోంచి పొట్లం తీసి, పేపరు విప్పి, గుప్పెడు గింజలు ఆయన అరచేతిలో పోసింది.

మాస్టారు మొదట అర్థం కానట్టు చూశారు. తర్వాత ఆయన చెయ్యి, అలవాటు కొద్దీ, జేబులోకెళ్ళి భూతద్దం తెచ్చింది. ఒక గింజ గోటిమీద పెట్టి కంటికి ఆనించుకున్నారు.

“మొనదేలేయి,” అన్నారు. “మూడూ మొనదేలేయి. మామూలుదే.” ఇంకో గింజ చూశారు. “మామూలుదే.”

“అవునండి.”

“ఎప్పటివి?”

“ఇవి నిన్న తీసినవండి. మొక్కకి మాత్రం చవితి నుంచీ ఉన్నాయి.”

ఆయన విచ్చుకున్న పొట్టు వైపు చూశారు. ఆమె పసుపు వేళ్ళ వైపు చూశారు. మొహంలో వెలుగంతా మెల్లగా దిగిపోయింది.

“ఎందుకమ్మా?”

“గింజ దొరికితే ఇంక మీరు ఫోను చెయ్యరు కదండీ,” అంది సుధారాణి. చెప్పాక ఏడుపొచ్చేసింది. ఏడుస్తూనే నిలబడింది.

మాస్టారు కర్ర వెతుక్కుని, చెట్టు పట్టుకుని లేచారు. సాయం చెయ్యబోతే వద్దన్నట్టు చెయ్యి ఊపారు. గింజలు మళ్ళీ పేపర్లో పోసి ఆమెకిచ్చేశారు.

“నేనూ ఒక్కణ్ణే ఉంటన్నానమ్మా,” అన్నారు. “గడ్డి చేత అబద్ధమాడించలేదు.”

ఆటోలో ఇంకేం మాట్లాడలేదు. ఇంటికి రానన్నారు, వండిన అన్నం వండినట్టే ఉండిపోయింది. స్టేషన్లో బెంచీమీద కర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని, సాయంత్రం బండి కోసం మధ్యాహ్నం నుంచీ కూర్చున్నారు. సుధారాణి కొంచెం దూరంలో కూర్చుంది. బండి వేళకి ఆయనే నోరు విప్పారు.

“ఘోషాల్ బాబుకి చెప్పీసేను. ఇప్పుడేటని చెప్పను? ముసిలోడికి మతి పోయిందనుకుంటారు.”

“నేను చెప్తానండి. అబద్ధం నాదని నేనే చెప్తాను. నంబరియ్యండి.”

ఆయన ఆమె వైపు చూడకుండా నంబరు చెప్పారు. బండి వచ్చింది. చెక్కలు ఆమె అందిస్తే తీసుకున్నారు. కిటికీ దగ్గర కూర్చుని మఫ్లరు సర్దుకున్నారు తప్ప బయటికి చూడలేదు.

సోమవారం సుధారాణి కలకత్తా ఫోను చేసింది. ఏం చెప్పాలో హిందీలో రెండుసార్లు అనుకుని మరీ చేసింది. ఘోషాల్ బాబు మాట నెమ్మదైనది. ఆమె చెప్పిందంతా విన్నాడు. తప్పంతా తనదేననీ, మాస్టారు తన మాట నమ్మి మోసపోయారనీ, ఆయన్ని చిన్నచూపు చూడొద్దనీ చెప్పింది.

“చిన్నచూపు దేనికి మేడమ్?” అన్నాడాయన. “గింజ లేకుండా కొత్త జాతి అంటే ఎవరు నమ్ముతారు? మేమూ నమ్మలేదు.”

“మరి ఆయనతో ఆ మాట అనలేదా?”

ఘోషాల్ బాబు గొంతు తగ్గించాడు. “రావుగారు నెలకోసారి ఫోను చేస్తారు. చాలా ఏళ్ళనుంచి. ప్రతిసారీ కొత్త మొక్కే. నమూనా పంపండి సార్ అంటాం. వచ్చే నెల పంపుతానంటారు. ఆ తర్వాత ఇంకేవో కబుర్లు చెప్తారు. మా ఆఫీసులో ఎవరు ఎత్తితే వాళ్ళు వింటారు. పెద్దాయన కదా.” ఫోను పెట్టబోతూ, “మోకాలు ఎలా ఉంది ఆయనకి?” అని అడిగాడు.

ఫోను పెట్టేశాక సుధారాణి వంటింట్లోకెళ్ళి, ఎందుకొచ్చిందో మర్చిపోయి, గట్టు పట్టుకుని నిలబడింది. ఆయన మీద కోపం రావాలి కదా అనుకుంది. గడ్డి చేత అబద్ధమాడించలేదన్నారు, సాయంత్రం దాకా ఒక్క మాట లేకుండా తనని బెంచీమీద కూర్చోబెట్టారు. కోపం రాలేదు. అరగంట కబురు కోసం నెలంతా ఒక కొత్త మొక్కని వెతుక్కునే ఆయన కనపడ్డారు. ఆయనకి నిజంగానే కొత్తగా కనపడుతుందేమో ప్రతిసారీ. అలా కనపడకపోతే ఎవరికి ఫోను చేస్తారు? వారమంతా ఆమె అడవి వైపు వెళ్ళలేదు. శ్యామ్‌కి ఫోను చేసి అన్నానికి రమ్మంది. అగ్‌లే హఫ్తే అంటూ వచ్చే వారానికి వాయిదా వేశాడు వాడు.

ఆదివారం పొద్దున్న ఫోను మోగలేదు. మోగదని తెలిసి కూడా వంట మొదలుపెట్టకుండా కూర్చుంది. కింద వీధిలో కూరల బండి వచ్చి వెళ్ళింది. ఎండ గుమ్మం దాటి గచ్చుమీదికొచ్చింది. సుధారాణి ఫోను చేతిలోకి తీసుకుని, ఆలోచిస్తే చెయ్యలేనని, ఆలోచించకుండా నొక్కేసింది. తనంతట తాను ఆయనకి చెయ్యడం అదే మొదలు.

చాలాసేపు మోగింది.

“ఊఁ,” అన్నారు మాస్టారు.

“నేనండి, సుధారాణిని.”

“తెలుసు.”

“కలకత్తా చేసేనండి. తప్పు నాదని చెప్పీసేను.”

అవతల కుర్చీ కిర్రుమంది. “ఏటన్నారు?”

ఘోషాల్ బాబు అన్నవన్నీ ఆమె నాలుకమీదికి వచ్చాయి. ఆ రోజు ఆటోలో ఆయన మౌనం గుర్తొచ్చి, ఒక్క క్షణం, చెప్పెయ్యాలని కూడా అనిపించింది.

“మీ మోకాలు ఎలాగుందని అడిగేరండి.”

లైను తెగిపోయిందేమోనని ఫోను చెవినుంచి తీసి చూసుకుంది. తెగలేదు.

“అదేనా అడిగేరు?”

“అదేనండి అడిగేరు.”

“ఊఁ.” ఆ తర్వాత, పాత కోపం గుర్తు తెచ్చుకున్నట్టు, “మరింకేటి? ఏదైనా దొరికిందా?” అన్నారు.

“లేదండి. అడవికెళ్ళలేదు. ఊరికే చేసేను.”

“ఊరికేనా?”

“ఊరికేనండి.”

ఇప్పుడు పెట్టేస్తారు, అనుకుంది. పెట్టేసినా సరే, ఈసారి చేతిలో దాచుకున్నదేమీ లేదు అనుకుంది.

“ఉండు,” అన్నారు మాస్టారు. “పొయ్యి మీద కూరుంది. మాడిపోతంది.”

ఫోను ఎక్కడో పెట్టిన చప్పుడైంది. కర్ర శబ్దం దూరంగా వెళ్ళింది. మూత తీశారు, గరిటె తిప్పారు, దగ్గారు, మూత మళ్ళీ పెట్టారు. ఎక్కడో పక్కింటివాళ్ళ రేడియో. సుధారాణి ఫోను చెవికి గట్టిగా ఆనించుకుని, మంచం అంచున కూర్చుని, ఆ ఇంటి చప్పుళ్ళన్నీ వింది. కర్ర శబ్దం మళ్ళీ దగ్గరకొచ్చింది. కుర్చీ కిర్రుమంది.

“ఆఁ,” అన్నారాయన. “చెప్పు.”

సుధారాణి కాళ్ళు మంచం మీదికి తీసుకుని సర్దుకు కూర్చుంది.

“ఏటి కూరండీ?” అంది.